గంట మీ దగ్గర, నాలుక మా దగ్గర

కాస్తెల్‌వెంతో
ఏప్రిల్ చివరి వారం

ఎదురు కొండ మీది గొర్రెలకూ, వాటి కంపుకూ ఏకైక యజమాని అయిన నా బావమరిది ఎత్తోరెకు,

బావ గాస్పెరో రాస్తున్నాడు. మేమిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమమో కాదో నాకు అక్కర్లేదు గానీ, మీ అక్క అడగమంది కాబట్టి అడుగుతున్నాను.

ఇకమీదట మన పోట్లాటలన్నీ కాగితం మీదే. ఈస్టర్ నాడు ఫోన్లో మనం అరుచుకున్న అరుపులకు మీ అక్క ఎర్సీలియా ఫోను తీసుకెళ్ళి పిండి పెట్టెలో పెట్టి తాళం వేసేసింది. "తిట్టుకోవాలంటే రాసుకోండి. రాసేటప్పుడైనా మధ్యలో ఆగి ఆలోచిస్తారు" అంది. నేను ఆగడమూ లేదు, ఆలోచించడమూ లేదు. ఈ ఉత్తరం రొట్టెల బండివాడు తెస్తాడు. జవాబు వాడికే ఇచ్చి పంపు. జున్ను వాసన అంటించకుండా పంపు.

అసలు సంగతి. మంగళవారం మా చర్చి ముందుకు ఒకావిడ సైకిల్ తొక్కుకుంటూ వచ్చి పడింది. పడింది అంటే నిజంగానే పడింది. ఒళ్ళంతా దుమ్ము, మోకాలి మీద నెత్తురు, మొహం మాత్రం పెళ్ళికూతురిలా వెలిగిపోతోంది. పేరు ఫుల్వియా, ఊరు ఫ్లోరెన్స్. సైకిల్ హ్యాండిల్ నీ ముసలి పొట్టేలు కొమ్ముల్లా వంకర తిరిగి ఉంది. టైర్లు నీ నడుమంత లావు. మీ అక్క లోపలికి పిలిచి, గాయం కడిగి, రొట్టె సూప్ పెట్టింది. ఆవిడ రెండు గిన్నెలు ఖాళీ చేసి చెప్పిన మాటలు విను.

సెప్టెంబరులో ఓ రెండు వందల మందిని వెంటేసుకుని మన కొండల్లో సైకిల్ యాత్ర చేస్తుందట. "తారు రోడ్లు మాకొద్దండీ. కంకర కావాలి, రాళ్ళు కావాలి, ఊపిరాడనంత ఎత్తులు కావాలి. మధ్యమధ్యలో ఒక పాత చర్చో, కోట బురుజో ఉండాలి" అంది.

"బురుజు దేనికమ్మా?" అన్నాను.

"ఆనుకుని ఆయాసం తీర్చుకోవడానికి."

విన్నావా? మన పూర్వీకులు ప్రాణాలొడ్డి కాపాడిన బురుజు వీళ్ళకు ఆయాసం తీర్చుకునే అరుగు. తారు కమిటీ అధ్యక్షుడిగా నేను సగం జీవితం ఆఫీసుల గుమ్మాల ముందు నిలబడి, ప్రతి ఎన్నికలకూ ప్రతి పార్టీ చెయ్యీ పట్టుకుని వేయించిన రోడ్డు మా ఊళ్ళో ఉంది. నల్లగా, నున్నగా, ముద్దొచ్చేలా ఉంటుంది. ఆవిడ దాన్ని చూసి మొహం చిట్లించింది!

నాకు ఒళ్ళు మండింది. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. "అమ్మా, నీకు కావలసిన సరుకు అదిగో, ఎదురు కొండ మీద ఉంది. పొజ్జాల్బా అంటారు. అక్కడ రోడ్డనేది ఇంకా పుట్టలేదు" అని చెయ్యి చూపించి పంపించాను. రెండు వందల మంది పిచ్చివాళ్ళు వచ్చి నీ గొర్రెలను బెదరగొడితే, ఈ బావను తలుచుకో.

ఇట్లు,
నున్నటి రోడ్డు గల
గాస్పెరో

తా.క.: మన రెండు ఊళ్ళనూ కలిపే కంచరగాడిదల బాట ఎప్పుడు బాగుచేస్తారని మీ అక్క మళ్ళీ అడుగుతోంది. వంతెన అవతలి సగం మీది. ముందు మీరు మొదలుపెట్టండి. మేము తొందరపడే రకం కాదు.

◆

పొజ్జాల్బా
మే మొదటి వారం

మహారాజశ్రీ బావగారి పాదపద్మాలకు, అవి ఏ తారుకు అంటుకుని ఉన్నా సరే,

బావమరిది ఎత్తోరె నమస్కరించి రాసుకునేది. మీరు పంపిన ఉత్తరం అందింది. ఎప్పటిలాగే తిట్లలోనే తప్ప అక్షరాల్లో మీకు పట్టు లేదని తెలిసి సంతోషించాను.

మీరు నన్ను వెక్కిరించడానికి పంపిన ఫుల్వియా గారు ఇక్కడికి వచ్చారు. మా రోడ్డు చూసి ఆవిడ సైకిల్ దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక గుంటను ఫొటో తీసుకున్నారు. ఆ గుంట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. దాన్ని ఇంత ప్రేమగా చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు. తర్వాత చర్చి తాళం తీసి గోడల మీది బొమ్మలు చూపించాను. నరకంలో కొరడా పట్టుకున్న దయ్యం నెత్తిమీద మీ ఊరి టోపీ ఉందన్న సంగతి కూడా చెప్పాను. రోమన్లకంటే ముందటి ఎత్రస్కన్ల సమాధిలోకి తీసుకెళ్ళాను. "ఇంత పురాతనమైన చోట వైన్ పీపాలా!" అని ఆవిడ నోరు వెళ్ళబెట్టారు. "చచ్చినవాళ్ళు అడ్డం చెప్పలేదమ్మా, చల్లగా ఉంటుంది" అన్నాను. ఒక గ్లాసు పోశాక ఆవిడా అడ్డం చెప్పలేదు.

చివరగా మా ప్రాణానికి ప్రాణమైన గంట నాలుక చూపించాను. చర్చిలో పట్టుతాడుకు వేలాడుతూ ఉంటుంది కదా. ఆవిడకు కథంతా చెప్పాను. ఆరేడు వందల ఏళ్ళ కిందటి ఆ పాడు యుద్ధంలో మీ కాస్తెల్‌వెంతో వాళ్ళు మా గంటను ఎత్తుకుపోయారనీ, మా వాళ్ళు ఆఖరి నిమిషంలో దాని నాలుక పీకి దాచారనీ, అప్పటినుంచీ మీరు దాన్ని సుత్తితో కొట్టుకుంటున్నారనీ చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వారు. మీ మీదే నవ్వారని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు మీ కడుపు మండే ముక్క. ఫుల్వియా గారు అక్క రాసిన చీటీ ఒకటి తెచ్చారు. "తమ్ముడూ, ఎవరి దారి ఎక్కువ అధ్వాన్నంగా ఉంటే ఆ ఊళ్ళోనే యాత్రవాళ్ళ భోజనాలు, ఆ ఊరి పేరే వాళ్ళ ముద్ర మీద, ఆ ఊరి బొమ్మే లోకమంతా తిరిగే పటం మీద" అని ఉంది. బావగారూ, మా ఊరికి ఇంతవరకూ ఏ పటంలోనూ చోటు లేదు. పాద్రీగారు కూడా మా ఊరు రావాలంటే దారి తప్పి వస్తారు. అంచేత మేము ఒప్పేసుకున్నాం. మా దారికి సాటి వచ్చే దారి ఈ జిల్లాలో లేదు. మీరు నున్నటి రోడ్డు మీద కూర్చుని దాన్ని ముద్దుపెట్టుకోండి.

ఇట్లు,
గతుకుల ప్రభువు
ఎత్తోరె

తా.క.: అక్కకు చెప్పండి, ఆమెను చూడాలని నాకూ ఉంది. కానీ గంట తిరిగొచ్చేదాకా పొజ్జాల్బా మగవాడెవడూ మీ ఊళ్ళో కాలు పెట్టకూడదని మా ఒట్టు. మీరేమో పెళ్ళి భోజనంలో కుక్క పక్కన కుర్చీ వేశామని అలిగి, అప్పటినుంచీ మా గుమ్మం ఎక్కలేదు. అక్కకు కారెక్కితే మొదటి మలుపులోనే కడుపులో తిప్పుతుంది, ఆ కారు రోడ్డు నిండా మలుపులే. ఇక మిగిలింది కాలిబాట. దానికి అడ్డం మీ ముళ్ళపొదలు. మీ సగం ముందు కొట్టండి.

మళ్ళీ తా.క.: కుక్క మర్యాదస్తురాలు. ఆ రోజు అది మీ గురించి ఒక్క మాట అనలేదు.

◆

కాస్తెల్‌వెంతో
మే నెల మధ్య

దొంగచాటుగా అధ్వాన్నాన్ని అనుభవిస్తున్న ఎత్తోరెకు,

నీ ఉత్తరం చదివి నేను సూప్ గిన్నె పక్కకు నెట్టేశాను. మీ అక్కను నిలదీశాను. "అవునండీ, ఆ మాట మీకు చెప్పడం మరిచిపోయాను" అంది. సూప్‌లో రొట్టె ముక్కలు లెక్క తప్పకుండా వేసే మనిషి ఈ మాట మరిచిపోయిందట!

సరే విను. మా ఊరి గురించి నీకు ఏం తెలుసు? తారు రోడ్డు శ్మశానం దాకానే. శ్మశానం దాటాక కంచరగాడిదల బాట మొదలవుతుంది. అది దారి కాదురా, శిక్ష. మా తాతగారి గాడిద ఆ బాటలో కాలు పెట్టనని మొండికేసి అక్కడే ముసలిదై చచ్చింది. ఒక రాయి మీద కాలు వేస్తే ఇంకో రాయి వచ్చి తగులుతుంది. మీ గుంటల్లో కోళ్ళు నీళ్ళు తాగుతాయి. మా గుంటల్లో కోళ్ళు పడితే కనబడవు.

కమిటీ సమావేశం పెట్టాను. "ముప్పై ఏళ్ళు రోడ్డు బాగుండాలని మమ్మల్ని తిప్పావు, ఇప్పుడు బాగుండకూడదని తిప్పుతున్నావా?" అని ఒక ముసలాడు అడిగాడు. "అభివృద్ధి అంటే అదే" అన్నాను. అందరూ తలలూపారు.

తారు రోడ్డు కనబడకుండా ఉండాలి కదా. చెప్పుకుంటే సిగ్గుచేటు. నా చేతులతో వేయించిన తారు మీద నా చేతులతోనే గడ్డీ పేడా చల్లాను. పేడ చల్లుతున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారాయి. కొంత పేడ వల్లే అనుకో.

ఇక మా బాట. అదెంత ఘోరమో లోకానికి చూపిద్దామంటే ముళ్ళపొదలు అడ్డం. లోపల ఉన్న రాళ్ళు ఎవరికి కనబడతాయి? అందుకని కొడవలి పట్టుకుని నేనే దిగాను. తప్పుగా అనుకోకు, బాగుచెయ్యడం లేదు. మా రాళ్ళ అందం బయటపడేలా ముళ్ళు కొడుతున్నానంతే. సింధూరపు చెట్టు మలుపు దాకా అయింది. ఫుల్వియా మనుషులు ఇద్దరు వచ్చి ఆ ముక్క మీద తొక్కి చూశారు. ఇద్దరూ పడ్డారు. ఒకడు లేచి, "అద్భుతం!" అన్నాడు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇట్లు,
రాళ్ళ రారాజు
గాస్పెరో

తా.క.: మలుపు దాకా ముళ్ళు పోయాయని మీ అక్కకు చెప్పాను. మర్నాడు అటకమీద నుంచి పాత నడక బూట్లు దింపి నూనె రాసింది. అడిగితే, "తోలు ఎండిపోతుందని" అంది. ఆడవాళ్ళకు వేళాపాళా లేదు.

◆

పొజ్జాల్బా
జూన్ చివర

కల్తీ రాళ్ళ వ్యాపారి, బావగారికి,

నమస్కారం. ఆరోగ్యం కుదురుగా ఉందని తలుస్తాను, ఎందుకంటే మీ ఓటమి చూడ్డానికి మీరు బతికి ఉండాలి.

మీ ఊరి నుంచి వచ్చిన కబురు విని సిగ్గుపడ్డాను. మీరు ట్రాక్టర్‌తో రాళ్ళు తోలించి మీ బాట మీద పరిపిస్తున్నారట! బావగారూ, అధ్వాన్నం అనేది డబ్బాలో పోసి అమ్మే వస్తువు కాదు. మాది తాతముత్తాతల నుంచి వచ్చిన అధ్వాన్నం. దేవుడిచ్చిన వాలు, వానలు కోసిన కోతలు, మేకలు దొర్లించిన బండలు. మా దారికి ఇంతవరకూ మనిషి చెయ్యి పడలేదు. మీది నకిలీ.

ఇది రుజువు చెయ్యడానికి నేనూ మా సగంలో ముళ్ళు కొట్టడం మొదలుపెట్టాను. మర్యాదగా చెప్తున్నాను, దీన్ని బాగుచెయ్యడమని ఎవరూ అనకూడదు. పొదల కింద ఏం దొరికిందో తెలుసా? పాత రాతిబాట, దాని మీద బళ్ళ చక్రాలు తొలిచిన గాడులు. మా అమ్మ దీపం పెట్టే మేరీమాత గూడు కూడా దొరికింది. లోపల ఒక బల్లి కాపురం ఉంది. దాన్ని వేడుకుని పక్కకు పంపి, గూడు కడిగాను. అక్కకు ఈ సంగతి చెప్పండి. లేదా వద్దు, చెప్పకండి, నా మొహం తలుచుకుని ఏడుస్తుంది.

ఫుల్వియా గారి మనుషులు మా సగంలో కూడా తొక్కారు. ముగ్గురు పడ్డారు. మీ ఇద్దరికి మా ముగ్గురు. అందులో ఒకాయన చెవిలో ఇంకా మా మట్టి ఉంది. బిగుతైన బట్టలు వేసుకుని, జేబులోంచి టూత్‌పేస్టు గొట్టంలాంటి దాన్ని తీసి నోట్లో పిండుకున్నాడు. "ఏమిటది?" అన్నాను. "బలానికి" అన్నాడు. గొర్రెపాల జున్ను ముక్క చేతిలో పెట్టాను. తిని ఏడ్చాడు. ఆ తర్వాత ఆ గొట్టాన్ని నా మేక నాకి చూసి వదిలేసింది. అది చొక్కాలు కూడా తినే మేక.

ఇట్లు,
నిఖార్సైన గతుకుల
ఎత్తోరె

తా.క.: అక్క నాకు మే నెల నుంచీ ఒక్క ముక్క రాయలేదు. ఒంట్లో బాగుందా? నిజం రాయండి. ఈ ఒక్క వాక్యం వరకూ నేను మిమ్మల్ని తిట్టడం లేదు.

◆

కాస్తెల్‌వెంతో
ఆగస్టు, ఎండలు మండుతున్నాయి

వంతెన అవతల నన్ను చూసి కూడా చూడనట్టు నటించిన ఎత్తోరెకు,

మీ అక్క బాగుంది. రోజూ పొద్దున శ్మశానం దాకా నడిచి వస్తోంది. "గాలికి" అంటుంది. మా ఇంట్లో గాలి చాలదన్నట్టు.

ఇప్పుడు అసలు తగువుకు వద్దాం. గురువారం నేను మా ముళ్ళన్నీ కొట్టుకుంటూ వంతెన దాకా వచ్చాను. నువ్వు అవతలి ఒడ్డున కొడవలి పట్టుకుని నిలబడ్డావు. నువ్వు నన్ను చూశావు. నేను నిన్ను చూడలేదు. నువ్వు రాయి మీద కూర్చుని రొట్టె, ఉల్లిపాయ తిన్నావు. నేనూ ఇటు రాయి మీద కూర్చుని రొట్టె, ఉల్లిపాయ తిన్నాను. అది నిన్ను చూసి కాదు, నాకు అప్పుడే ఆకలేసింది. నీ జుట్టంతా తెల్లబడిపోయింది. ఎప్పుడు తెల్లబడిందిరా? ఉత్తరాల్లో ఎప్పుడూ రాయలేదు.

నువ్వు వెళ్ళిపోయేముందు నీ వైన్ సీసా వంతెన మధ్యలో మరిచిపోయావు. నిన్నటికి అది ఖాళీ అయింది. ఎండకు ఆవిరైపోయి ఉంటుంది.

వంతెన గురించి ఒక్క మాట. ఫుల్వియా గారికి నువ్వు దాన్ని రోమన్లు కట్టారని చెప్పావట. అబద్ధం. మా ఊరి మేస్త్రీలు కట్టారు, మీ ఊరివాళ్ళు రాళ్ళు మోశారు. పాపం ఆవిడ, "ఎవరు కట్టినా పడిపోకుండా ఉంటే చాలండీ" అంది. చదువుకున్నవాళ్ళకు చరిత్రంటే ఇంతే.

నేను ఒక పందెం వేస్తున్నాను, కాగితం మీద, సంతకంతో. ఎవరి దారి ఎక్కువ అధ్వాన్నమో యాత్ర రోజు తేలుతుంది. మీ దారే అధ్వాన్నమని తేలితే, అంటే మేము ఓడిపోతే, గంటను నేనే మీకు అప్పగిస్తాను. మా దారే అధ్వాన్నమని తేలితే నువ్వు నాలుక మాకు ఇచ్చెయ్. ఆరేడు వందల ఏళ్ళ గొడవ మన చేతుల మీద తీరిపోవాలి. మగాడివైతే సంతకం పెట్టు.

ఇట్లు,
భవిష్యత్తులో నాలుక గల
గాస్పెరో

తా.క.: తీర్పు ఎవరు చెప్తారని మీ అక్క అడిగింది. "రెండు సగాలూ మొత్తం నడిచినవాళ్ళు ఎవరైనా" అన్నాను. "అది కూడా కాగితం మీద రాయండి" అంది. రాశాను. ఎన్నడూ లేనిది, ఈ గొడవలో ఆవిడకు ఆసక్తి పుట్టింది.

◆

పొజ్జాల్బా
సెప్టెంబరు

చూడకుండానే నా జుట్టు రంగు కనిపెట్టిన బావగారికి,

సంతకం పెట్టి పంపుతున్నాను. మా పాద్రీగారి ఎదుట పెట్టాను, కాబట్టి తప్పించుకోవాలంటే మీరు నరకానికి పోవాలి. అక్కడ మీ ఊరి టోపీ పెట్టుకున్న దయ్యం మీకు దారి చూపిస్తుంది.

వంతెన మీది ఆఖరి ముళ్ళకొమ్మ నిన్న నేనే కొట్టాను. అది సరిగ్గా మధ్యలో ఉంది. దాని సగం మీదని మీరు అంటారని తెలుసు. ఆ సగాన్ని మీ వైపు పెట్టి వచ్చాను.

సీసా ఎండకు ఆవిరవ్వలేదు. మీరు తాగారు. మూత తిరిగి బిగించిన పద్ధతి చూస్తే తెలిసింది. ఆవిరి మూత బిగించదు. అందుకే ఇంకోటి పెట్టాను, మరిచిపోయి.

ఆదివారం రెండు వందల మంది వస్తున్నారు. మా ఆడవాళ్ళు బీన్స్ నానబెట్టారు. నాలుకకు నూనె పెట్టి తుడిచాను. అది మాతో ఉండే ఆఖరి వారమేమోనని ఒక్క క్షణం భయం వేసింది. వెంటనే మీ మొహం గుర్తొచ్చి ధైర్యం వచ్చింది.

ఇట్లు,
గంట రాక కోసం చర్చి గోపురం కడిగి కూర్చున్న
ఎత్తోరె

తా.క.: అక్క పుట్టింటికి రాలేదన్న బాధ ఒకటే మిగిలింది. గంట వస్తే ఒట్టు తీరుతుంది, నేనే వస్తాను. ఆమెకు చెప్పండి, అమ్మ కుర్చీ ఇప్పటికీ పొయ్యి పక్కనే ఉంది.

◆

పొజ్జాల్బా, మా అమ్మ వంటింట్లో
ఆదివారం మధ్యాహ్నం

శ్రీవారికి,

చేతిరాత చూసి కంగారు పడకండి. ఈసారి ఉత్తరం నేనే రాస్తున్నాను. ఊరి పేరు సరిగ్గానే చదివారు.

పొద్దున మీరు బురుజు ఎక్కి, మీ వైపు ఎంతమంది పడతారో లెక్కపెట్టడానికి దుర్భిణి పట్టుకుని కూర్చున్నారు చూడండి, అప్పుడు నేను బూట్లు వేసుకుని, సంచిలో సూప్ గిన్నె పెట్టుకుని, శ్మశానం దాటి బాట పట్టాను. మీకు కనబడి ఉంటాను. సైకిల్ లేనివాళ్ళను మీరు లెక్కపెట్టడం లేదు కాబట్టి గుర్తుపట్టి ఉండరు.

సింధూరపు చెట్టు దగ్గర యాత్రవాళ్ళను దాటాను. పాపం, ఇంటి సామానంత ఖరీదైన సైకిళ్ళు తొక్కలేక, భుజాల మీద మోసుకుంటూ ఎక్కుతున్నారు. "అమ్మమ్మా, మీ రహస్యం ఏమిటి?" అని ఒకబ్బాయి రొప్పుతూ అడిగాడు. "నేను సైకిల్ తేలేదు నాయనా" అన్నాను.

మేరీమాత గూడు దగ్గర ఆగాను. దీపం వెలుగుతోంది. తమ్ముడు అక్కడే నిలబడి పడిపోయినవాళ్ళను లెక్కపెడుతున్నాడు. నన్ను చూసి లెక్క మరిచిపోయాడు. వాడి ఏడుపు గురించి రాయను, మీరు వెక్కిరిస్తారు. నా ఏడుపు గురించి కూడా రాయను.

ఇక తీర్పు. ముందు ఒక మాట చెప్పాలి. పోటీ ఏమీ లేదండీ. ఫుల్వియా ఆ రోజు సూప్ తాగి నన్ను ఒకటే అడిగింది: "పాత వంతెన మీదుగా బాట తెరిచి ఉందా? ఉంటే రెండు ఊళ్ళకూ వస్తాం." "సెప్టెంబరుకు తెరుచుకుంటుంది" అన్నాను. అధ్వాన్నం, ముద్ర, లోకమంతా తిరిగే పటం, ఇవన్నీ నేను కల్పించినవి. పదకొండేళ్ళు మీ ఇద్దరినీ బతిమాలాను, "దారి బాగుచెయ్యండి" అని. ముందు నువ్వంటే ముందు నువ్వని కూర్చున్నారు. బాగుచెయ్యమంటే కదలని మీ ఇద్దరూ, పాడుగా ఉందని నిరూపించమంటే కొడవళ్ళు పట్టుకుని పరిగెత్తారు. మీ బుర్రలు నాకు ముందే తెలుసు. ఒకడితో పుట్టాను, ఒకరితో కాపురం చేస్తున్నాను.

రెండు సగాలూ మొత్తం నడిచినవాళ్ళే తీర్పు చెప్పాలని మీరే రాశారు. నేను నడిచాను. విన్నారా, రెండూ మంచి దారులే. ఒక్క చోట కూడా కాలు బెణకలేదు. ట్రాక్టర్‌తో మీరు పోయించిన రాళ్ళు గతుకుల్లో చక్కగా కూర్చున్నాయి. అధ్వాన్నం పోటీలో ఇద్దరూ ఓడిపోయారు.

మీరు ఓడిపోతే గంట ఇవ్వాలి, వాడు ఓడిపోతే నాలుక ఇవ్వాలి. అంటే గంట ఈ కొండకు వస్తుంది, నాలుక ఆ కొండకు పోతుంది. మళ్ళీ వేరువేరుగానే! మీ పెద్దమనుషుల తెలివి కాగితం మీద పెట్టి చూస్తే ఇలాగే ఉంటుంది.

అందుకని ఇలా చేస్తున్నాను. నాలుక ఇప్పుడు నా సంచిలో ఉంది. తమ్ముడే తీసి ఇచ్చాడు, పట్టుతాడుతో సహా. వచ్చే ఆదివారం మీరు గంటతో వంతెన మీదికి రండి. మేమూ వస్తాం. వంతెన ఏ ఊరిదీ కాదు కాబట్టి వాడి ఒట్టు చెడదు, మీకు అక్కడ కుర్చీ గొడవా ఉండదు. వంతెన పక్కన ఒక పాత పాక ఉంది కదా, దాని దూలానికి కట్టి మోగిద్దాం. అది ఎలా మోగుతుందో మీ తాత వినలేదు, మా తాత వినలేదు. అందరూ తగువు విన్నారు, గంట వినలేదు.

ఆ తర్వాత గంట ఏ కొండకు పోవాలో మీరూ మీరూ కొట్టుకోండి. నేను మాత్రం రెండు వైపులకూ పోతాను.

ఇట్లు,
మీ
ఎర్సీలియా

తా.క.: గంట బరువనుకుంటే యాత్రవాళ్ళను అడగండి. బరువులు మోస్తూ రాళ్ళ మీద ఎత్తులెక్కడం వాళ్ళకు సరదా. పేరు నమోదు చేయించుకుని మరీ వస్తారు.

మళ్ళీ తా.క.: తారు మీది పేడ నేను కడగను.

ఆఖరి తా.క.: ఆదివారం దాకా ఇక్కడే ఉంటాను, అమ్మ కుర్చీలో. ఫోను పిండి పెట్టెలోనే ఉంది, తాళంచెవి నా దగ్గరుంది. నాతో మాట్లాడాలనిపిస్తే నడిచి రండి.